బేరం ఆడని గిరాకి

నా చిన్నప్పటి కోరుట్లను ఎవరన్నా మెచ్చుకుంటే నాకు మొదట అనుమానమే వస్తది. పెండ్లిళ్లల్ల మా వయసోళ్లు ఒకదిక్కు కూసోని, "ఆ రోజులే వేరు, మనుషులు బంగారం, తలుపుకు గొళ్లెం గూడ పెట్టకపోయేది" అని చెప్పుకుంటరు. సరుకును ఎవరన్నా అంతగనం పొగిడితే నేను దాంట్ల చిరుగు ఎక్కడున్నదో వెతుకుత. బట్టల దుకాణంల పుట్టి పెరిగినదాన్ని, నా బుద్ధి అంతే. గొళ్లెం సంగతేమో గని, మా బజార్ల పొద్దు గూకకముందే దుకాణాలు మూతపడేటివి. అడవిల ఉన్న అన్నలు ఒకదిక్కు, పోలీసులు ఒకదిక్కు. ఎవరికి ఏం అమ్మినవని ఇద్దరూ అడిగేటోళ్లే.

అందుకే మేము గూడ అందరినీ అనుమానంగనే చూసేటోళ్లం. ముదురు ఆకుపచ్చ బట్ట అడిగితే అడవిలోళ్లకేమో అని అనుమానం, ఒకేసారి ఎక్కువ కొంటే అనుమానం. అన్నిటికంటె పెద్ద అనుమానం బేరం చెయ్యనోని మీద. మా తాన ధర చెప్పుడంటే ముచ్చట మొదలుపెట్టుడే. గిరాకి సగానికి అడగాలె, మా బాపు నెత్తి కొట్టుకోవాలె, గిరాకి లేచి మెట్లు దిగాలె, బాపు వెనుకకు పిలువాలె. అప్పుడుగాని కత్తెర బట్టకు తాకదు. చెప్పినంత ఇచ్చేటోడు దొంగన్నా అయి ఉండాలె, మఫ్టీల పోలీసన్నా అయి ఉండాలె, అన్నల మనిషన్నా అయి ఉండాలె. తొమ్మిదేండ్లు నిండకముందే ఈ చదువంత నాకు వచ్చేసింది. బడిల చదువే రాలేదు.

ఒక ఎండకాలం పగటిపూట బాపు మాలు తెచ్చేటందుకు సిరిసిల్ల పోయిండు. దుకాణంల బాపును కన్న మా బాపమ్మ, నేనే ఉన్నం. ఎదురుంగ చాయ్ హోటల్ బెంచి మీద రోజూ ఒకాయన కూసునేది. ఆయనకు పనేందో ఎవరికీ తెల్వదు గని, పోలీసోళ్లకు ముచ్చట్లు మోస్తడని బజారంతటికీ ఎరుకే. ముందురోజు గుట్టల దిక్కు కాల్పులైనయని, దెబ్బలు తాకినోళ్లు తప్పించుకున్నరని చెప్పుకుంటున్నరు. ఆ పొద్దు ఆయన చాయ్ తాగుడు మరిచి వచ్చిపోయేటోళ్లనే చూస్తున్నడు.

అప్పుడు ఒక మనిషి మా మెట్లెక్కిండు. కాళ్లకు చెప్పులు లేవు, మోకాళ్ల దాక దుమ్ము. కూలి చేసుకునే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తున్నది. తెల్ల కోరాబట్ట కావాలన్నడు. ఎంత కావాలని అడిగితే, ఒక మనిషి పొడుగు చేతులతోటి చూపెట్టబోయి మధ్యలనే దించుకున్నడు. బాపమ్మ అలవాటు కొద్ది ధర ఎక్కువ చేసి చెప్పింది. ఆయన మారుమాట లేకుండ జేబుల చెయ్యి పెట్టిండు.

నేను బాపమ్మ చెవుల ఊదిన. "గీయన దొంగ. బేరం చేస్తలేడు."

బాపమ్మ నా దిక్కు చూడలేదు. ఆయన మొఖం చూసింది, ఆ తర్వాత హోటల్ దిక్కు చూసింది. బెంచి మీదాయన లేచి నిలబడ్డడు.

పోయినోళ్ల మీద కప్పే బట్టకు మా దిక్కు బేరం చెయ్యరు. ఆ సంగతి నాకు అప్పటికి తెల్వదు. బాపమ్మకు తెలుసు, బెంచి మీదాయనకు గూడ తెలుసు. కాల్పులైన తెల్లారి ఎవరన్నా చప్పుడు లేకుండ తెల్లబట్ట కొంటపోతే, ఆ కొన్నోని వెనుకపొంటి పోతే చాలు. పీనుగ దొరుకుతది, ఇంటోళ్లందరూ దొరుకుతరు.

బాపమ్మ బట్ట తానును బల్ల మీద ఎత్తేసింది. "సగానికి అడుగుతవా? సిగ్గున్నదా తమ్మీ? నేనేమన్న ఎత్కపోయి తెచ్చిన్నా?"

ఆయన బీరిపోయిండు. "నేనేమన్న అమ్మా..."

"ఇంకేమనాలె? పో, జగిత్యాల పో, ఆడ ఊరికె ఇస్తరట!" అని బజారంత వినబడేటట్టు ఒర్రి, కత్తెర అందుకునేటందుకు వంగి మెల్లగ అన్నది. "నువ్వు గూడ ఒర్రు."

ఆయనకు సమజైంది. "తగ్గియ్యి తల్లీ, పేదోణ్ణి" అన్నడు. అంటుంటెనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బేరంల ఏడ్చేటోళ్లు మా దుకాణానికి కొత్తేం కాదు.

"బిడ్డా, పసుపు తే" అన్నది నాతోటి. కొత్తబట్ట ఒంటి మీద ఏసుకునేముందు కొసలకు పసుపు పెడుతరు. పెండ్లిబట్టకైతే పెట్టకుండ ఉండరు, పోయిన మొగోళ్ల మీద కప్పేదానికి పెట్టరు. బాపమ్మ ఏలు పసుపుల ముంచంగనే ఆయన చెయ్యి అడ్డం రాబోయింది. సగం దాక వచ్చి ఆగింది. నాలుగు కొసలకూ పసుపు పడ్డది.

అంతల బెంచి మీదాయన మెట్లెక్కి వచ్చిండు. బట్ట కొస లేపి చూసిండు.

"ఏంది పెద్దమ్మా, తెల్లబట్ట?"

"ధోతులకు. వీని కొడుకు పెండ్లట. ఇంత బట్టకు నా పానం తోడుతున్నడు. నువ్వన్న చెప్పు, గిట్లైతే దుకాణం నడుస్తదా?"

బెంచి మీదాయన పసుపును చూసి, గిరాకి కండ్లల్ల నీళ్లను చూసి, "ఇయ్యి తియ్యి ముసలిదానా, ఇంత పిసినారితనమా" అని నవ్వుకుంట మళ్ల చాయ్ కాడికి పోయిండు.

బాపమ్మ ఆ బట్టను ఊరికె ఇస్తదేమో అనుకున్న. ఇయ్యలేదు, సరైన ధర తీసుకున్నది. ఊరికె ఇస్తే మెట్లు దిగేటోని నడక మారుతది, చూసేటోడు నడకను గూడ చూస్తడు అన్నది తర్వాత. మాపటీలి నా అనుమానం ఆపుకోలేక అడిగిన. "జాలిపడి చేసినవా, మన దుకాణం మీదికి వస్తదని చేసినవా?" బాపమ్మ గల్లాకు తాళం ఏసింది. "వాడు దొరికితే మనం దొరకమా? వాని మొఖం చూస్తే కొడుకు పోయినోడని తెలుస్తలేదా? రెండూ ఉండె నా కడుపుల" అన్నది. ఎక్కువ ఏది ఉండెనో ఇప్పటికీ నాకు తెల్వదు.

కొన్నేండ్లకు ఆయన మళ్ల వచ్చిండు, చిన్నకొడుకు పెండ్లిబట్టలకు. పెద్దోణ్ణి పొద్దు గూకకముందే మట్టిల పెట్టినమని, పసుపును కడగకుండనే కప్పినమని బాపమ్మతోటి మెల్లగ చెప్పిండు. ఆ తర్వాత బేరానికి దిగిండు. రెండుసార్లు మెట్లు దిగిండు, రెండుసార్లూ బాపు పిలిచిండు. బాపమ్మ గల్లా కాడ కూసోని, పండుగ వచ్చినట్టు చూసింది.

ఇప్పుడు జగిత్యాలల అద్దాల దుకాణాలు, బట్టకు చీటీ మీదనే ధర. నేను బేరం చేస్తే అమ్మే పిల్ల నవ్వుతది, నా మనుమరాలు నన్ను ఎరుగనట్టు అవతలికి జరుగుతది. "అప్పుడు మంచిగుండెనా, ఇప్పుడు మంచిగున్నదా?" అని అడుగుతది. ఇప్పుడు కొడుకు పోతే తండ్రి నడిబజార్ల నిలబడి తెల్లబట్ట కొనుక్కోవచ్చు. అది చిన్నది కాదు. గని ఆ అమ్మే పిల్ల గిరాకి మొఖం దిక్కు చూడదు, చూసే పని గూడ లేదు. ఏ దిక్కు ఎక్కువో తూచబోతే నాకు కాంట నిలబడదు. ఏదో ఒకటి గట్టిగ చెప్పేటోళ్లను మాత్రం నమ్మ.

ఒక్క అలవాటు మిగిలింది. ఏ దుకాణంలనన్న ఎవరన్నా మారుమాట లేకుండ చెప్పినంత ఇస్తుంటే నేను నా బేరం ఆపి ఆ మొఖం దిక్కు చూస్త. ఆ తర్వాత వెనుక ఎవరన్నా నిలబడి చూస్తున్నరా అని చూస్త.