రెండు ఒత్తుండ్రి

టీవీ పక్కన ఆ చిన్న పెట్టె బిగించిపోయిన రోజు నుంచి నాకు కుదురు పోయింది. మాది సూరత్‌లో లింబాయత్ బస్తీ, తెలంగాణ నుంచి వలసొచ్చినవాళ్లం. బాపు, తమ్ముడు ఇద్దరూ మగ్గాల కార్ఖానాలో పని చేస్తారు. నేను బట్టల మార్కెట్‌లో ఒక దుకాణంలో బిల్లులు కొడతాను. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తుంది. ఉన్నది ఒకటే గది, వెనక వంటకు ఇంత చోటు. ఆ గదిలో టీవీయే పెద్దమనిషి, ఇప్పుడు ఆ పెద్దమనిషికి ఒక కాపలాదారు వచ్చాడు.

దేశంలో జనం ఏ చానల్ ఎంత చూస్తున్నారో లెక్క తీసే కంపెనీ ఒకటి ఉందట. కొన్ని ఇళ్లను ఏరుకుంటే అందులో మాదీ పడింది. పెట్టె బిగించినాయనను మేం మీటరాయన అనేవాళ్లం. ఆయన హిందీలో ఓపిగ్గా చెప్పాడు. చానల్ వాళ్లు తమ శబ్దంలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి పంపుతారట. ఆ గుర్తును పట్టుకుని ఏ చానల్ నడుస్తోందో పెట్టె తెలుసుకుంటుంది. కానీ టీవీ ముందు ఎవరున్నారో దానికి తెలియదు. అందుకని వేరే రిమోట్ ఇచ్చాడు. బాపు ఒకటి, అమ్మ రెండు, నేను మూడు, తమ్ముడు నాలుగు. వచ్చి కూర్చున్నప్పుడు ఎవరి నంబరు వాళ్లు ఒత్తాలి, లేచిపోయేటప్పుడు మళ్లీ ఒత్తాలి. టీవీ నడుస్తుండగా ఎవరూ ఒత్తకపోతే పెట్టె మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంది.

"గిన్ని కోట్ల ఇండ్లుంటే మన ఒక్క ఇల్లు చూస్తే ఏం తెలుస్తది?" అన్నాడు తమ్ముడు.

"అన్నం ఉడికిందా లేదా అని కుండంత పిసుకుతర్రా? ఒక్క మెతుకు వట్టి చూస్తరు" అంది అమ్మ, చీర మీంచి తల ఎత్తకుండానే.

పోతూ పోతూ మీటరాయన ఇంకో మాట చెప్పాడు. ఈ పెట్టె సంగతి బయట ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఎవరో ఒకరు వచ్చి మా చానలే పెట్టండని వెంటపడతారు, లెక్క చెడుతుంది, అప్పుడు పెట్టె తీసేయాల్సి వస్తుంది. లింబాయత్‌లో రహస్యమట! మా గల్లీలో ఒకరింట్లో పోపు పెడితే చుట్టుపక్కల ఇళ్లన్నీ తుమ్ముతాయి. పక్కింటామె అడిగితే అమ్మ అది స్టెబిలైజర్ అని చెప్పింది.

నాకైతే ఆ ఎర్ర దీపంతో పడలేదు. కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో నంబరు ఒత్తేదాన్ని. షేరింగ్ ఆటో ఎక్కబోతూ నా మూడు తీశానో లేదోనని వెనక్కి ఉరికేదాన్ని. మార్కెట్‌లో బిల్లు కొడుతుంటే, అక్కడ ఇంట్లో నేను లేకుండానే నేను కూర్చుని సీరియల్ చూస్తున్నట్టు లెక్క పోతోందేమోనని బిల్లు తప్పు కొట్టి మళ్లీ కొట్టేదాన్ని. "గా పెట్టె నీ నెత్తిమీదనే బిగించిపోయిండు" అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

అందరం ఒత్తేవాళ్లం, అమ్మ తప్ప. వెలుతురు చీర మీద పడాలి కాబట్టి ఆమె మొహం ఎప్పుడూ కిటికీ వైపు, వీపు టీవీ వైపు. అయినా రోజూ సాయంత్రం వచ్చే తెలుగు సీరియల్‌లో ఆమెకు తెలియని సంగతి లేదు. టీవీలో తలుపు కిర్రుమంటే చాలు, "అగో, అచ్చింది మాయదారిది" అనేది. కోడలు ఏడిస్తే తనూ ముక్కు చీదేది. రెండు ఒత్తమంటే మాత్రం ఒకటే మాట.

"నేనేడ చూస్తున్ననే? పని చేసుకుంటున్న."

టీవీ చూడటమంటే కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్ల పని అని ఆమె ఉద్దేశం. బాపుతో చెప్పిద్దామంటే ఆయనకు వినపడదు. మగ్గాల మోత ఆయన చెవులను ఎప్పుడో సగం తినేసింది. టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటాడు, అమ్మ ఏమన్నా "ఆఁ?" అంటాడు. ఆమె రెండోసారి చెప్పదు. "చెవిటోని ముందట శంఖమూదినట్టే" అని తన పనిలో పడిపోతుంది.

కొన్నాళ్లకు మీటరాయన మళ్లీ వచ్చాడు. తలుపు తీసింది అమ్మ, కుర్చీ వేసింది అమ్మ, చాయ్ తెచ్చి చేతికిచ్చింది కూడా అమ్మే. ఆయన ఆమె వైపు చూడకుండానే చాయ్ ఊదుకుంటూ నన్ను అడిగాడు.

"రెండో నంబరు అసలు రావడమే లేదు. మీ అమ్మగారు ఊరికి వెళ్లిపోయారా? ఇలాగే ఉంటే ఆ నంబరు తీసేస్తారు. ఇంట్లో ముగ్గురే ఉన్నట్టు లెక్క."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు తాగే చాయ్ ఎవరు పెట్టిండ్రనుకున్నరు?" అన్నాను హిందీలో, గట్టిగానే. ఆయన గబుక్కున గ్లాసు కింద పెట్టి అమ్మ వైపు తిరిగాడు. కళ్లప్పగించి చూడక్కర్లేదు మాసీ, టీవీ నడుస్తున్న గదిలో ఉంటే చాలు, పని చేసుకుంటూ విన్నా లెక్కే అని చెప్పాడు.

ఆయన పోయాక అమ్మ గ్లాసు కడుగుతూ అడిగింది.

"ఇన్ని దినాలు నేను ఇంట్ల లేనట్టే పడ్డదా అండ్ల?"

ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. పెట్టె సంగతి సరే, మేం మాత్రం ఆమెను ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నాం?

మర్నాటి నుంచి లెక్కలో అమ్మ కూడా ఉంది. అయితే ఆమె వేళ్ల నిండా రాళ్లు అంటించే జిగురు. మొదటిసారి ఒత్తినప్పుడే రెండో బటన్ లోపలికి పోయి పైకి రాలేదు, సూదితో పైకి లేపాల్సి వచ్చింది. అందుకని కేక వేయడం మొదలుపెట్టింది. కూర్చుంటే "రెండు ఒత్తుండ్రి!" కుక్కర్ కూత పెడితే "రెండు తియ్యుండ్రి!" నల్లా నీళ్లొస్తే మళ్లీ తీయాలి, తిరిగొస్తే మళ్లీ ఒత్తాలి. ఆమె ఎన్నిసార్లు లేస్తుందో మాకు అప్పుడే తెలిసింది. నేనో తమ్ముడో ఒత్తేవాళ్లం. బాపు కదిలేవాడు కాదు.

ఒత్తాక నా వైపు చూసి "పడ్డదా?" అనేది. పడ్డదంటేనే రాయి తీసి అంటించేది. ఆ రోజుల్లో ఆమె మొహంలో ఒక చిన్న దర్జా వచ్చింది. నాకు అది చూడటం ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను.

కానీ మగ్గాల వాళ్ల ఇళ్లలో మెల్లగా మాట్లాడటం ఎవరికి వచ్చు? అమ్మ కేక గల్లీ చివరిదాకా పోయేది. పిల్లలు "రెండు ఒత్తుండ్రి, రెండు తియ్యుండ్రి" అంటూ ఒకరి వీపు మీద ఒకరు గుద్దుకునే ఆట కట్టారు. చివరికి పక్కింటామె వచ్చి నిలదీసింది.

"ఏంది వదినె, స్టెబిలైజర్‌కు రెండు ఒత్తుడేంది?"

అమ్మకు ఒక అబద్ధం ఆడటమే కష్టం, దాని మీద ఇంకోటి ఎక్కడి నుంచి తెస్తుంది? చెప్పేసింది. ఇంకేముంది, ఫలానా చానల్ పెట్టి ఉంచమంటూ ముక్కూమొహం తెలియనివాడు ఒకడు మా గడపలోకి వచ్చాడు. బాపు కసిరి పంపాడు.

సంగతి బయటపడిందని మీటరాయనకు ఫోన్ చేయడానికి నాకు చేయి రాలేదు. చేస్తే అమ్మ నంబరు పోతుంది. రిమోట్ పట్టుకుని ఇంట్లోకీ గడపలోకీ తిరుగుతుంటే అమ్మే అంది.

"చెప్పు బిడ్డా. ఒకలు ఏలువెట్టిన మెతుకు సూసి కుండ సంగతి ఎట్ల చెప్తరు? నా నోరే గిట్ల చేసింది, తియ్యి."

పెట్టె పోయింది. గోడకు స్క్రూల బొక్కలు మిగిలాయి. ఎర్ర దీపం పీడ వదిలింది, ఇక కుదురుగా ఉంటానని అనుకున్నాను. ఉండలేకపోయాను. అమ్మ మళ్లీ కిటికీ వైపు తిరిగి చప్పుడు లేకుండా కూర్చుంటోంది, చప్పుడు లేకుండా లేచిపోతోంది. ఎప్పుడు కూర్చుందో, ఎప్పుడు లేచిందో నేను తల తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం అందరం ఇంట్లోనే ఉన్నాం. సీరియల్ పాట మొదలైంది. అమ్మ వంట దగ్గరి నుంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, అలవాటుగా "రెండు ఒత్తు..." అని సగంలో ఆపేసింది. మెల్లగానే అంది. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

టీవీ మీంచి చూపు తిప్పకుండా, ఉత్త చేతులతో కూర్చున్న బాపు అన్నాడు.

"ఒత్తిన. కూసో."