మెచ్చుకోవడం రాని కోచ్‌గారు

కోచ్‌గారికి ఫుట్‌బాల్‌లో రానిదంటూ లేదు, మెచ్చుకోవడం తప్ప. నోరు తెరిస్తే తిట్టే. గోలు కొట్టినవాణ్ణి అంత ఆలస్యమేమిటని తిట్టేవాడు, కొట్టనివాణ్ణి అసలెందుకు పుట్టావని తిట్టేవాడు. మనిషి దొరక్కపోతే వానను తిట్టేవాడు, గాలి తగ్గిన బంతిని తిట్టేవాడు, గోలుపోస్టుకి ఒళ్ళు వంచడం తెలీదని తిట్టేవాడు. పెళ్ళినాడు ఆయన ఫొటోలు తీసేవాణ్ణి కూడా వదల్లేదట. అందుకే తమ పెళ్ళి ఫొటోల్లో చుట్టాలందరూ బెదిరిపోయి కనిపిస్తారని ఆయన భార్య చెప్పి నవ్వేది.

ఆ తిట్లలో పెద్ద వాటా ఆయన బావమరిదిది. అక్క మాట తీసెయ్యలేక బావ దగ్గర అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు పాపం. పొద్దున బూట్లు వేసుకుంటూనే మొదటి తిట్టు తినేవాడు. అది పడకపోతే బావకి ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడేవాడు.

అలాంటి బావ ఒకరోజు జైలునుంచి వచ్చిన ఆటగాణ్ణి జట్టులోకి తీసుకుంటానన్నాడు. అతను మంచి ఫార్వర్డే. కానీ తాగి గొడవపడి సీసాతో ఒకతని మొహమ్మీద కొట్టాడు. ఆ మనిషికి కన్ను పోయింది, ఇతనికి జైలు పడింది. శిక్ష ముగిసి బయటికొచ్చాక ఏ క్లబ్బూ గేటు దాటనివ్వలేదు. కమిటీలో ప్రెసిడెంటుగారు క్లబ్బు పరువు సంగతేమిటని అడిగారు.

"పోయినేడు జట్టు నిండా బుద్ధిమంతులే కదండీ," అన్నాడు కోచ్‌గారు. "బుద్ధిగా ఆడారు, బుద్ధిగా ఓడారు. అప్పుడు ఎవరూ పరువు మాటెత్తలేదు."

నచ్చకపోయినా కమిటీ ఒప్పుకుంది. జట్టు మాత్రం ఒప్పుకోలేదు. అతనికి 'జైలు' అని పేరు పెట్టారు. అతను బట్టలు మార్చుకునే గదిలోకి వస్తే మిగతావాళ్ళు సంచులు తీసుకుని అవతలి బెంచీకి జరిగేవాళ్ళు. మైదానంలో అతను ఎంత ఖాళీగా ఉన్నా బంతి ఇచ్చేవాళ్ళు కాదు.

కోచ్‌గారైనా కాస్త ఆదరిస్తాడేమోనని బావమరిది చూశాడు. ఆదరణా పాడా. అప్పటిదాకా అందరికీ పంచిన తిట్లన్నీ మూటగట్టి ఆ ఒక్కడి నెత్తిన కుమ్మరించాడు. పరిగెడితే గాడిదలా పరిగెడుతున్నావన్నాడు, ఆగితే గాడిదైనా నయమన్నాడు. అందరూ ఇళ్ళకి పోతుంటే అతన్ని ఒక్కణ్ణే ఆపి మైదానం చుట్టూ తిప్పాడు. అతను తల వంచుకుని తిరిగాడు. చూడలేక బావమరిది రెండు రోజులు బావతో మాట్లాడటం మానేశాడు. బావ అది గమనించనేలేదు.

మొదట గోల్‌కీపర్ మనసు కరిగింది. ఒక సాయంత్రం అతనూ వెళ్ళి 'జైలు' పక్కన పరిగెత్తాడు. ఆ వారంలో ఇంకో ఇద్దరు తోడయ్యారు. చివరికి అందరూ కలిసి వచ్చి, వాణ్ణి అంతలా తిడితే ప్రాక్టీసుకి రామని కోచ్‌గారి మొహమ్మీదే చెప్పారు. వెధవలందరూ ఒక్కటయ్యారని ఆయన వాళ్ళనీ తిట్టి పంపేశాడు. మర్నాటి మ్యాచ్‌లో జైలుకి బంతి అందింది. రెండు గోల్సు కొట్టాడు.

జట్టు గెలవడం మొదలుపెట్టాక, కన్ను పోయినతని అన్న మైదానానికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"మా తమ్ముడు మెట్లు కూడా తడుముకుంటూ దిగుతున్నాడు. వీడికేమో చప్పట్లు. ఇదేం న్యాయమండీ?"

బావ నోట్లోంచి ఏం ఊడిపడుతుందోనని బావమరిది ఇద్దరి మధ్యకీ వచ్చాడు. కోచ్‌గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"న్యాయం కాదు," అన్నాడు. "మీకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. వీడికి ఇదొక్కటే పని వచ్చు. ఇదీ లేకపోతే మళ్ళీ సీసా పట్టుకుంటాడని భయపడ్డాను, అంతే."

ఆ అన్న ఒప్పుకోలేదు, క్షమించనూ లేదు. వెళ్ళిపోయాడు. ఆ రోజంతా కోచ్‌గారు ఎవర్నీ తిట్టలేదు. జట్టంతా హడలిపోయింది.

సీజన్ అయ్యాక ఒక పెద్ద క్లబ్బు జైలుని ఎగరేసుకుపోయింది. వెళ్తూ అతను అందర్నీ కావలించుకున్నాడు, కోచ్‌గారిని తప్ప. ఆ వెనకే కమిటీ కూర్చుంది. అప్పుడు క్లబ్బు పరువు సంగతేమిటన్న ప్రెసిడెంటుగారే, అంత మంచి ఆటగాణ్ణి అంతలా హింసించిన మనిషి తమకొద్దని తేల్చారు. కోచ్‌గారి ఉద్యోగం పోయింది.

నడిచి ఇంటికొస్తుంటే బావమరిది ఆపుకోలేకపోయాడు. "ఒక్కసారి మెచ్చుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది, బావా?"

"వాడు పోయేవాడు," అన్నాడు బావ. "వాణ్ణి నమిలి మింగాలని అందరూ కాచుక్కూర్చున్నారు. నేను వెనకేసుకొస్తే ఇంకా రెచ్చిపోయేవాళ్ళు. అందుకే వాళ్ళ వంతు తిట్లు కూడా నేనే తిట్టేశాను. ఇక వాళ్ళకి జాలిపడటం తప్ప ఏం మిగిలిందిరా? బుర్ర లేదా నీకు?"

బావమరిది మిగతా దారంతా పక్కన నడిచాడు.

కొన్నాళ్ళకి టీవీలో జైలు కనిపించాడు. కష్టకాలంలో ఎవరు తోడున్నారని అడిగితే, పాత జట్టులో అందరి పేర్లూ చెప్పాడు. గోల్‌కీపర్ పేరైతే రెండుసార్లు చెప్పాడు. చివర్న, ఒక్క కోచ్ మాత్రం తనని మనిషిగా చూడలేదన్నాడు.

బావమరిదికి ఒళ్ళు మండింది. ఇప్పుడే అంతా చెప్పేస్తానని ఫోను అందుకున్నాడు.

"పెట్టెయ్యి," అన్నాడు కోచ్‌గారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "రేపు మ్యాచ్ ఉంది వాడికి. నువ్వు చెప్తే ఇవాళంతా ఏడుస్తూ కూర్చుంటాడు, గాడిద."

అక్క ఫక్కున నవ్వింది. బావమరిదీ నవ్వేశాడు. మాటలు వినపడి చావడం లేదని కోచ్‌గారు ఇద్దర్నీ కలిపి తిట్టి, టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.