వెండి ఆకుల్లో వెంట్రుకవాసి ఖాళీ: మా సుగుణక్క

నిన్న ఆఫీసులో ఉండగా సుగుణక్క తమ్ముడి మెసేజ్ వచ్చింది. అక్క ఇక లేదు.

మూడుసార్లు చదివాను. ఫోన్ బోర్లా పెట్టేసి కార్ పార్క్‌లోకి వెళ్లి నిలబడ్డాను. రెండు నెలలుగా హాస్పిటల్లో ఉందట. మాకెవరికీ చెప్పలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కానీ ఏడుపుగొట్టు పోస్ట్ పెడితే ఆమె ఊరుకోదు. అందుకే నా పరువు తీసే సంగతే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: విదేశంలో చదువుకునే రోజుల్లో, క్లేటన్‌లో మేం ఐదుగురు అమ్మాయిలం కలిసి ఉన్న అద్దె ఇంట్లో అక్కే సీనియర్. కరీంనగర్‌లో వాళ్ల బాపు సన్నని వెండి తీగతో ఫిలిగ్రీ నగలు చేస్తారు. ఆ పనిని అక్క యూనివర్సిటీకి తెచ్చింది. నగ చట్రాన్ని కంప్యూటర్‌లో గీసి, మైనంలో త్రీడీ ప్రింట్ తీసి, వెండిలో పోత పోయించేది. లోపలి తీగ మెలికలన్నీ చేత్తోనే.

కోర్సు చివర్లో జరిగే ఫైనల్ షోకి పదకొండు ఆకుల హారం. పక్కన పెట్టే కార్డ్ మీద బాపు పేరు కూడా ఉండాలని ఆమె పట్టుదల.

ఆయన ససేమిరా అన్నారు. "మిషన్‌ల చేసినదానికి నా పేరెందుకు బిడ్డా" అని ఫోన్ పెట్టేశారు.

ఆ రోజు అక్క అన్నం తినలేదు. అన్నం మానేసే మనిషి కాదామె.

ఇక నా ఘనకార్యం. నేను మెకానికల్ స్టూడెంట్‌ని కదా, ఫైల్ ఒకసారి చెక్ చేయమంది. చూస్తే ప్రతి ఆకు చట్రం కొనలోనూ వెంట్రుకవాసి ఖాళీ. ఇన్ని తప్పులా అనుకుని, మహా తెలివిగా అన్నీ మూసేసి, చెప్పకుండా పోతకి పంపేశాను.

తీరా తీగ అతికించడానికి వేడి పెట్టగానే అది సాగి, మొదటి ఆకు అప్పడంలా ఉబ్బింది. ఆ ఖాళీ ఉన్నదే తీగ సాగడానికట. షోకి ఇంకా రెండు రోజులే.

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడిస్తే ఆకులు సక్కగైతయా? ఆ రంపం పట్టు" అంది.

ఇద్దరం కూర్చుని మళ్లీ ఖాళీ వచ్చేలా ఒక్కొక్క కొనా కోశాం. నేను కోసిన నాలుగో ఆకు కాస్త వంకరపోయింది. మార్చే టైమ్ లేదు.

షో రోజు వీడియో కాల్‌లో హారం చూపించింది. బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క ఆకూ దగ్గరగా చూపించమన్నారు.

"గీ నాలుగోది ఎవలు కోసిన్రు?"

అక్క ఫోన్ నా మొహం మీదకి తిప్పింది. "ఇగో, ఈ ఇంజనీర్."

సారీ అంకుల్, అన్నాను. ఆయన నవ్వలేదు. ఆకు కొననే చూస్తున్నారు.

"మిషన్‌ల చేస్తున్ననంటివి. ఖాళీ ఇడిసినవు గదనే."

"నువ్వు నేర్పిందే గద బాపు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత అన్నారు: "నా పేరు గూడ రాయి. నీ పేరు కింద రాయి."

అక్క పెన్ను తీసి, ప్రింటైన కార్డ్ మీద చేత్తోనే రాసింది. ట్యూటర్ ఏదో అనబోతే విననట్టు ఊరుకుంది.

ఈరోజు పొద్దున అంకుల్‌కి ఫోన్ చేశాను. "నా బిడ్డ పని నాకన్న మంచిగుండె" అన్నారు.

అక్కా, ఈ మాట ఆయన నీతో ఎప్పుడైనా అన్నారో లేదో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లిరా. అక్కడైనా నొప్పి లేకుండా హాయిగా ఉండు.