అట్ట మీది మారియెట్

కెనడాలోని సడ్‌బరీలో మా సెలూన్‌కు వచ్చే ఆడవాళ్లలో సగం మంది లోర్నాకు తప్ప ఇంకెవరికీ తల అప్పగించరు. కోపం వస్తే నాలుగు మాటలు అనేసి, కాఫీ తాగేలోపు మరిచిపోయే మనిషి. ఆమె మరిచిపోలేనిది ఒక్కటే, భర్త మొదటి భార్య మారియెట్‌ను.

మారియెట్‌ను లోర్నా ఎన్నడూ ఎదురుగా చూడలేదు. బొమ్మను మాత్రం దేశమంతటితో పాటు తనూ చూసింది. భర్త గార్త్ వయసులో ఉన్నప్పుడు నార్త్ సైడింగ్ అనే రాక్ బ్యాండ్‌కు పాటలు రాసి పాడేవాడు. వాళ్ల 'మారియెట్ కిటికీ' ఆల్బమ్‌ను పత్రికలు ఆకాశానికెత్తాయి. దాని అట్ట మీద వంటింటి కిటికీలో కూర్చుని తడిజుట్టు ఆరబెట్టుకుంటూ ఉంటుంది మారియెట్.

బ్యాండ్ వేసవి తిరునాళ్లలో పాడుకునే స్థితికి వచ్చాక గార్త్ లోర్నాను పెళ్లి చేసుకున్నాడు. అయినా ఎక్కడెక్కడి నుంచో అభిమానులు వచ్చి తలుపు తట్టేవారు.

"మీరేనా మారియెట్?"

"కాదు, ఆమె వెళ్లిపోయాక వచ్చినదాన్ని."

ఒకసారి హాలిఫాక్స్ నుంచి వచ్చిన జంట ఆమె చేతికే కెమెరా ఇచ్చింది. "గార్త్‌తో మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తారా?" తీసింది. ముగ్గురికీ తలలు లేకుండా తీసింది.

ఆ ఆల్బమ్ మాత్రం వినలేదు. రేడియోలో వస్తే స్టేషన్ మార్చేసేది.

నిరుడు మార్చిలో ఊరి రేడియోవాళ్లు ఒక శనివారం మధ్యాహ్నం, మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బులో ఆ ఆల్బమ్ మొత్తం వినిపించి, దానికి వచ్చిన పేరు ఇప్పటికీ నిలుస్తుందా అని జనంతో మాట్లాడిద్దామనుకున్నారు. గార్త్‌ను పిలిచారు. టిమ్మిన్స్‌లో ఉంటున్న మారియెట్‌నూ పిలిచారు.

ఆ శనివారం పొద్దున్నే పొట్టిగా ఉన్న ఒకావిడ వచ్చి లోర్నా కుర్చీలో కూర్చుని టోపీ తీసింది.

"బాగా పలచబడిపోయింది. మధ్యాహ్నం నలుగురూ చూస్తారు. కాస్త ఒత్తుగా కనబడేలా చెయ్యండి."

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"కర్లింగ్ క్లబ్బుకు. నేను మారియెట్‌ని."

పక్క కుర్చీ దగ్గర నేను కత్తెర కింద పెట్టేశాను. లోర్నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నేనెవరో తెలిసే వచ్చారా?"

"తెలిసే వచ్చాను. ఈ ఊళ్లో మీ అంత బాగా ఎవరూ చెయ్యరన్నారు. భయం మాత్రం వేసింది."

"భయమెందుకు?"

"కత్తెర ఉండేది మీ చేతిలో కదా!"

లోర్నా నవ్వలేదు. కానీ అంత శ్రద్ధగా ఆమె ఎవరికీ చేయగా నేను చూడలేదు. "చెడగొడితే కుళ్లుతో చెడగొట్టిందంటారు. ఈ గుప్పెడు జుట్టు కోసమా ఇన్నేళ్లూ రగిలిపోయాను!" అంది లోర్నా, ఆవిడ వెళ్లాక.

మధ్యాహ్నం క్లబ్బులో వెనక వరసలో లోర్నా నా పక్కన కూర్చుంది. బాగుండకూడదని మొక్కుకుని వచ్చినట్టుంది. మొదటి పాటకు "ఒట్టి గోల" అంది. రెండోదానికి "ఏడుపు" అంది. మూడో పాటలో, మంచు కురుస్తున్నా నీ గుమ్మం ముందు నిలబడి ఉంటానని గార్త్ లేతగొంతు పాడుతుంటే ఆమె చేతిలో కాగితం కప్పు నలిగిపోయింది.

"నాకోసం ఎక్కడా నిలబడిన పాపాన పోలేదు" అంది చివరికి.

ఆల్బమ్ అయిపోయాక బడిలో సంగీతం చెప్పే పెట్రా లేచింది. "చిన్నప్పుడు ఇదంటే నాకు ప్రాణం. ఇప్పుడు వింటే ఒక అనుమానం వస్తోంది. ఇన్ని పాటల్లో ఆమె జుట్టుంది, చేతులున్నాయి, కిటికీ ఉంది. ఆమె నోరు తెరిచి ఒక్క మాటా అనదేం?"

అందరూ మారియెట్ వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది.

"అన్నానమ్మా, ఎందుకనలేదు! కచేరీ అవగానే ఇంటికి రమ్మన్నాను. పొయ్యి బాగు చెయ్యమన్నాను. ఆ మంచులో గుమ్మం ముందు నిలబడింది కూడా నేనే. తాళంచెవి ఈయన జేబులో వేసుకుపోయేవాడు."

హాలు ఘొల్లుమంది. గార్త్ చెవులు ఎర్రబడ్డాయి. "పొయ్యి బాగు చేశాను కదే!"

"చేశావులే, ఇల్లంతా పొగబెట్టి!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

లోర్నా సంతోషించాల్సిన సమయమది. పాటల్లోని ప్రేమ ఏపాటి నిజమో ఊరంతా విన్నది. కానీ ఆమె ముఖం మాడిపోయింది.

"పాటలైతే అబద్ధాలని తోసిపారేస్తాను. ఇద్దరూ కలిసి నవ్వుకున్న ఆ పొయ్యినేం చెయ్యను?" అని గొణిగింది.

ఇంటికి వెళ్తూ కారులో భర్తను నిలదీసిందట. "నా మీద ఒక్క పాటైనా రాశావా?"

"రాయడం మానేశాకే కదా నిన్ను చేసుకున్నాను."

"మళ్లీ రాయడానికి చేతులేమన్నా పడిపోయాయా?"

గార్త్ గిటార్ దుమ్ము దులిపి వంటింట్లో కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఒక పాట వినిపించాడు. లోర్నా అంతా విని, "ఆ మూడో పాట ముందు ఇదెక్కడ నిలుస్తుంది?" అని ముఖం మీదే చెప్పేసింది. పాపం, రెండు రోజులు అలిగి మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పటికి ఏదీ ఆమెకు నచ్చలేదు. జుట్టు కత్తిరిస్తూ ఆ మూడో పాటే కూనిరాగం తీస్తుంది. నేను చూశానంటే టక్కున ఆపేస్తుంది.

మారియెట్ అప్పుడప్పుడూ టిమ్మిన్స్ నుంచి వచ్చి లోర్నా చేతనే జుట్టు చేయించుకుంటుంది. గార్త్ గురక గురించి ఇద్దరూ తెగ చెప్పుకుంటారు. కానీ ఆవిడ వచ్చిన రోజున భార్యను ఇంటికి తీసుకెళ్లడానికి వస్తానని గార్త్ ఫోన్ చేస్తే మాత్రం, "అక్కర్లేదు, బస్సులో వస్తాను, నువ్వు ఇల్లు కదలకు" అంటుంది లోర్నా.