టిఫినయ్యిందా మాస్టారూ

రెండు వేల నాలుగు వేసవిలో నన్ను భీమవరం దగ్గరి పల్లెలకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటరుగా వేశారు. పరిశోధనలో అది అన్నిటికన్నా కింది హోదా. పెద్దవాళ్ళకొచ్చే మతిమరుపు జబ్బు, ఇంట్లో వాళ్ళను చూసుకునేవాళ్ళ అవస్థ మా అంశం. హైదరాబాదులో పెరిగినదాన్ని. ముక్కు మీద కోపం, చేతిలో ఎప్పుడూ సెల్‌ఫోను.

ఇంటికి రెండు ఇంటర్వ్యూలు. పెద్దవాళ్ళకు మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడగడం మొదటిది. చూసుకునే మనిషితో విడిగా మాట్లాడడం రెండోది. జబ్బు పేరు మేం చెప్పకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి.

ప్రకాశం మాస్టారు మిషన్ బడిలో చేసి రిటైరయ్యారు. "ఎండన పడొచ్చారు, మజ్జిగ పుచ్చుకోండమ్మా" అన్నారు. మూడు మాటల్లో ఒక్కటీ గుర్తులేదు. "పరీక్షలు నేను పెట్టేవాణ్ణండీ" అని నవ్వేశారు. ఆ మర్యాద చూసినవాళ్ళెవరికీ జబ్బుందని అనుమానం రాదు.

కోడలు సునీత వంటింట్లో అసలు సంగతి చెప్పింది. ఆ ఊళ్ళో పలకరింపంటే తిండి గురించి అడగడమే. మాస్టారు అప్పుడే తిని లేచినా, అడిగినవాళ్ళకల్లా "మా కోడలు మెతుకు పెట్టలేదండి" అనేవారు. పాలకొల్లు నుంచి వచ్చిన ఆడపడుచు రత్నమ్మ ఆ మాట చర్చి పెద్దలకు చేరవేసింది. ఆదివారం అందరి ముందూ సునీతను నిలదీస్తారట.

"జబ్బని మీరు చెప్పండి మేడమ్. నేను చెప్తే ఎవరు నమ్ముతారండీ?"

సిగ్నల్ కోసం కాలవగట్టెక్కి మా సూపర్‌వైజరు మీద అరిచాను. ఆవిడ కరగలేదు. కాకపోతే, ఒక రోజంతా చూసుకున్న మనిషి ఎవరైనా సరే ఇంటర్వ్యూకి పనికొస్తారని గుర్తుచేసింది.

వెంటనే వెళ్ళి రత్నమ్మను అడిగాను, రేపు నాన్నగారి పనులన్నీ మీరే చూస్తారా అని.

"ఎందుకు చూడనూ? నేను పెడితే ఆ మాట ఎందుకంటాడు? మా నాన్న నోట అబద్ధం రాదండి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. రత్నమ్మ మాస్టారి పక్కన కూర్చుని పెసరట్టు తుంచి తినిపించి, మూతి తుడిచింది. ప్లేటు ఇంకా తన చేతిలోనే ఉంది. రొయ్యల మేత కొట్టు ఆయన వీధిలో బండాపి, "టిఫినయ్యిందాండీ మాస్టారూ?" అన్నాడు.

"ఏం టిఫినండీ! మా అమ్మాయొచ్చింది, మంచినీళ్ళైనా ఇవ్వలేదు."

"నాన్నా! ఇప్పుడేగా తిన్నావ్! అల్లప్పచ్చడి మళ్ళీ వేయించుకున్నావ్ కూడానూ!"

"ఎవరు తిన్నారమ్మా?" అన్నారాయన, ఎంతో నెమ్మదిగా.

కొట్టాయన రత్నమ్మ వైపు చూసి, "కన్నకూతురివి, నువ్వు కూడానా!" అని బండి పోనిచ్చాడు. గుమ్మంలో ఉన్న సునీత వచ్చి రత్నమ్మ చేతిలోని ప్లేటు అందుకుంది.

ఆదివారం రత్నమ్మ అందరికన్నా ముందే చర్చికి వెళ్ళి పెద్దలతో చెప్పింది: "మా మరదల్ని పిలవక్కర్లేదండి. నాన్నని డాక్టరుకి చూపించాలి."

తరవాత పనిచేసినన్నాళ్ళూ, చూసుకునే మనిషి మీద ఇంట్లో నింద వేసేదెవరో కనుక్కుని, ఒక్క పూట ఆ పని వాళ్ళకే అప్పగించమనేదాన్ని. అన్ని ఇళ్ళలోనూ కుదరలేదు. కుదిరినచోట నేను వివరించి చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.