చెల్లెలి మిషన్

భర్త పోయాక నా చెల్లెలు నిమ్‌పురాలోని మా రైల్వే క్వార్టర్‌కు వచ్చేసింది. గోళ్లు అరగదీసే చిన్న మిషన్ కొనుక్కుని, ముందుగదిలో పెళ్లికూతుళ్లకు గోళ్ల అలంకరణ చేసేది. నేను షెడ్డులో ఫిట్టర్‌ని. ఒక ఆదివారం ఆమె బజారుకెళ్లినప్పుడు ఆ మిషన్‌తో నా సైకిలు చైను తుప్పు గీకాను.

మర్నాడు ఒక బెంగాలీ పెళ్లికూతురు వచ్చింది. ఐదు గోళ్లు పూర్తయ్యేసరికి మిషన్ కాలిన వాసన కొట్టి ఆగిపోయింది.

"అన్నియ్యా, దీన్ని నువ్వేటైనా ముట్టుకున్నావేటి?"

"ఆడోళ్ల సామాను నాకెందుకే? నువ్వే పాడుసేసుంటావు."

ఆమె మిషన్‌ను తిరగేసి తట్టింది. తెల్ల తువ్వాలు మీద తుప్పుపొడి రాలింది. పెళ్లికూతురు నా వైపు చూడకుండా, "ఠీక్ హై దీదీ" అంటూ రెండో చెయ్యి చాపింది. మిగిలిన ఐదు గోళ్లూ చెల్లెలు చేత్తోనే అరగదీసింది.

"అడిగుంటే నేనే గీకిద్దును గదన్నియ్యా" అంది సాయంత్రం. ఆ నెలలోనే సాలువాలో గది తీసుకుని వెళ్లిపోయింది.

షెడ్డులో పక్కవాడి స్పానర్ ముట్టుకున్నా చెప్పేవాణ్ణి. చెల్లెలిది పనిముట్టని నాకు తోచలేదు. తర్వాత కొత్త మిషన్ కొనిచ్చాను గానీ, నా అబద్ధం గురించి నోరు విప్పలేకపోయాను. ఇప్పుడు ముందుగదిలో ఒక్కణ్ణే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె ఈ పత్రిక చదువుతుంది.

ముట్టుకున్నది నేనేనమ్మా.