ఆషాఢం వెళ్ళాక చేరతానన్న మా రత్నం

"రత్నం లేదండి."

నిన్న సాయంత్రం వాళ్ళాయన ఫోన్ చేసి చెప్పిన మాట.

ఏ రత్నం అని అడిగాను. నాకు తెలిసిన రత్నం ఒక్కతే.

మధ్యాహ్నం తలనొప్పి అని పడుకుందట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. బ్రెయిన్‌లో బ్లీడింగ్ అన్నారు.

నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

డాక్టర్ నూకరత్నం. నాతో పాటే పీహెచ్‌డీ చేసింది. నాది చోడవరం, దాని అత్తారిల్లు వడ్డాది. చెరకు పిప్పితో మురికినీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్ మీద దాని రీసెర్చ్.

పీహెచ్‌డీ అయ్యాక దానికి ఒకటే పిచ్చి. పోస్ట్‌డాక్. యూనివర్సిటీ ల్యాబ్‌లో జీతం తీసుకుంటూ రీసెర్చ్ చేసే ఉద్యోగం. సైన్స్‌లో, ఇంజనీరింగ్‌లో ఎక్కడ ఓపెనింగ్ పడినా ముందు దానికే తెలిసేది. వెంటనే మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేసేది. తను అప్లై చేసినవి కూడా!

"ఒసే, పోటీ నువ్వే తెచ్చుకుంటావేటే?" అని తిట్టేదాన్ని.

"నాకు రాకపోతే మీలో ఒకరికి రానీయే" అని నవ్వేది.

అలా గ్రూప్‌లో ఇద్దరికి వచ్చాయి. దానికి రాలేదు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఏళ్ళ తరబడి అప్లికేషన్లు పెడుతూనే ఉంది. చుట్టాలు "ఇంకా సదువేటి?" అంటే, వాళ్ళత్తగారే "సదువు కాదు, ఉజ్జోగం" అని నోరు మూయించేవారు.

ఈ వేసవిలో ఇంటర్వ్యూ వచ్చింది. ఆన్‌లైన్‌లో. ఇంట్లో సిగ్నల్ లేక, మేడ మీద ఎండబెట్టిన పిప్పి పక్కనే కూర్చుంది. నేను హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

మధ్యలో అత్తగారు మజ్జిగ గ్లాసుతో వచ్చి, నేరుగా కెమెరాలోకి చూసి,

"మా కోడలు గుంట పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదు బాబూ. అడగాల్సిందేదో తొరగా అడిగీండి" అన్నారు.

రత్నం మొహం చూడాలి! ప్యానెల్లో ఒకాయన తెలుగువారే. పడీపడీ నవ్వి, "ముందు మజ్జిగ తాగమ్మా" అన్నారు.

ఆ పోస్టు దానికే వచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఇక చేరడమే తరువాయి. తీరా చూస్తే ఆషాఢం.

"శూన్యమాసంలో వొద్దమ్మా. శ్రావణంలో మంచిరోజు సూసి సేరు" అన్నారు అత్తగారు. మెయిల్ పెడితే ప్రొఫెసర్ గారు సరేనన్నారు. నేను గొణిగితే రత్నం నన్నే కసిరింది.

"నాకోసం ఆవిడ అందరితోటీ తగువులాడింది. ఆవిడ కోసం ఒక్క నెల ఆగలేనేటే?"

పెట్టె కూడా సర్దేసుకుంది. అందులో చీరల కన్నా పిప్పి శాంపిల్సే ఎక్కువ.

ఈ ఉదయం వడ్డాది వెళ్ళాను. రత్నాన్ని తీసుకెళ్ళిపోయాక అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఏదైనా చెప్పి ఓదార్చాలనుకున్నాను.

అంతలో ఆవిడే అన్నారు.

"ఆ సారుకి ఫోన్ సెయ్యమ్మా. నా కోడలి పోస్టు ఖాళీగా ఉంచొద్దను. ఎవరో ఒక గుంటకి ఇచ్చీమను.

వచ్చిన రోజే సేరిపోమను. మంచిరోజు సూడొద్దను."

ఫోన్ చేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెప్పాను.

వెళ్ళిరా రత్నం. ఇంక ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. నీ ప్రాణానికి ఇప్పుడైనా నెమ్మది దొరకాలి తల్లీ.